డ్రయర్ల బాబాయి

బాబాయి పోయాడని నాకు తెలిసింది ఒక మంగళవారం పొద్దున, డ్యూటీ ఎక్కిన గంటకి. చేతిలో హోటల్ దుప్పటి ఉంది. ఒక కొస నా దగ్గర, రెండో కొస ఎదురుగా నిలబడ్డ నేపాలీ అమ్మాయి దగ్గర. ఏప్రన్ జేబులో ఫోను మోగింది. ఇండియా నంబరు. భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని ఎత్తాను.

"అక్కా, నేను. నాయిన పోయిండక్కా. ఇయ్యాల తెల్లారంగ."

బాబాయి కూతురు. అంతే చెప్పి ఏడ్చింది. వెనక చాలామంది గొంతులు వినిపించాయి. నేనేం అన్నానో నాకు గుర్తులేదు. ఫోను పెట్టేశాక ఆ దుప్పటి మడత పూర్తి చేశాను. తర్వాత ఇంకొకటి తీశాను. ఎనిమిదిన్నరకి హోటల్ బండి వస్తుంది, అది ఎవరి కోసమూ ఆగదు. ఏడుపు రాలేదు. పదింటికి టీ విరామంలో బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుంటే అప్పుడు వచ్చింది.

ఆయన నాకు చుట్టం కాదు. మాది కోనసీమ, ఆయనది జగిత్యాల పక్కన ఒక పల్లె. లాండ్రీలో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఇక్కడ పానా పట్టుకున్న ప్రతి పెద్దమనిషీ ఉస్తాదే. నాకెందుకో ఆ పిలుపు నోట పట్టలేదు. మొదటి రోజే బాబాయి అన్నాను, ఆయన వెంటనే బిడ్డా అన్నాడు. మొదట్లో ఆయన తెలుగు నాకు, నా తెలుగు ఆయనకి సగమే అర్థమయ్యేది. బహ్రెయిన్‌లో ఇరవై ఏళ్ళ పైన ఉండి కూడా ఈ దేశాన్ని ఆయన దుబాయి అనే అనేవాడు. "ఇది దుబాయి కాదుగా బాబాయ్" అంటే, "మా ఊరి కాడ నిలవడి సూస్తె అంత దుబాయే బిడ్డా" అని నవ్వేవాడు.

ఆయన పని డ్రయర్లు. మీనా సల్మాన్‌లో గోడౌన్ల మధ్య రేకుల షెడ్డు మా లాండ్రీ. ఉతికిన బట్టలు ఆరబెట్టే గ్యాస్ డ్రయర్లు ఆరు, ఒక్కోటి ఇనప బీరువా కంటే పెద్దది. లోపల డ్రమ్ము తిరుగుతుంది. వెనకాల గ్యాస్ మంట మండుతుంది. ఆ వేడిని ఫ్యాను బట్టల్లోంచి లాగి, గొట్టం గుండా పైకప్పు మీదికి వదులుతుంది. చెప్పుకుంటే ఇంతే. కానీ ఆరింటిలో ఎప్పుడూ ఏదో ఒకటి మొరాయించేది. డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, వేడి మాత్రం రాదు. తడి దుప్పట్లు గంటసేపు తిరిగి తిరిగి తడిగానే బయటికొస్తాయి. అప్పుడు అందరూ ఉస్తాద్, ఉస్తాద్ అని కేకలు వేసేవారు.

నేను ఈ లాండ్రీకి రాకముందు ఈసా టౌన్‌లో ఒక ఇంట్లో పని చేశాను. ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, వాళ్ళకి నా అవసరం తీరింది. వాళ్ళే ఒప్పుకుని వీసా మార్పించారు. లాండ్రీలో బట్టలు మడత పెట్టడమేగా, ఇంటి చాకిరీ కంటే తేలికనుకున్నాను. పది గంటలు సిమెంటు నేల మీద నిలబడితే తెలిసింది, తేలికేమీ కాదని. గుదైబియాలో నలుగురు ఆడవాళ్ళం కలిసి ఉండే గదికి చేరేసరికి మడమలు మంటలెత్తేవి. బకెట్లో చల్లనీళ్ళు పోసుకుని పాదాలు ముంచి కూర్చునేదాన్ని. వేసవిలో ఇక్కడ కుళాయిలో చల్లనీళ్ళు కూడా రావు. పొద్దున్నే పట్టి ఉంచుకోవాలి.

చేరిన రెండో వారంలో మూడో నంబరు డ్రయర్ వేడెక్కడం మానేసింది. బాబాయి వచ్చాడు. సన్నటి మనిషి. మెడలో తువ్వాలు, కళ్ళజోడుకి దారం. కుడి మోకాలు వంగేది కాదు, అందుకని ఆ కాలు బారజాపి, బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు. డ్రయర్ వెనక పెట్టె విప్పుతాడేమో అనుకున్నాను. విప్పలేదు. నా వైపు తిరిగాడు.

"ఏమైంది బిడ్డా, చెప్పు."

"నాకేం తెలుసు బాబాయ్? నేను మడతలు పెట్టేదాన్ని."

"దినమంత దీని పక్కన నిలవడేది నువ్వు. నేను ఆ మూలకుంట. నాకంటె నీకే ఎర్క. పొద్దున మొదటి లోడు ఆరిందా?"

"ఆరింది. రెండోది కొంచెం చెమ్మగా వచ్చింది. మూడోది అసలు ఆరలేదు."

"సురువు జేసినప్పుడు చిట చిట అన్నదా?"

ఆలోచించాను. అంది. చిన్న నిప్పురవ్వ చప్పుడు.

"దానెనక బుస్సుమన్నదా?"

"లేదు. చిట చిట అని ఆగిపోయింది."

"గంతే. సగం రిపేరు నువ్వే జేసినవ్." అప్పుడు లేచి పెట్టె విప్పాడు. నిప్పురవ్వ వస్తోంది కానీ గ్యాస్ రావడం లేదు. గ్యాస్ తెరిచే వాల్వు మీద ఒక చిన్న కాయిల్ ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు అది పని చేస్తుంది. రెండు లోడ్లయ్యాక వేడెక్కి చేతులెత్తేస్తుంది. దాన్ని ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. "ముసల్దయింది. పొద్దున మంచిగనే ఉంటది, పగటీలికి అలిసిపోతది. మన లెక్కనే."

నన్ను మనిషిలా చూసి ఏమైందని అడిగింది ఆ షెడ్డులో ఆయనే మొదట. తక్కినవాళ్ళు ఎవరు పాడు చేశారని అడిగేవారు.

ఆ రోజు నుంచి ఆయన డ్రయర్ దగ్గర కూర్చుంటే నా చెవి అటే ఉండేది. ఆయన కూడా అది గమనించాడు. మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. పాఠంలా చెప్పేవాడు కాదు, పని చేస్తూ తనలో తను అనుకున్నట్టు అనేవాడు. డ్రయర్ వేడెక్కకపోతే ముందు నేల మీదికి వంగి వాసన చూడాలి. ఈ గ్యాస్ బరువైనది, కారితే కింద పేరుకుంటుంది. నిలబడి చూస్తే తెలియదు. వాసన ఉంటే ఇక ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయట ఉన్న పెద్ద వాల్వు కట్టేసి తలుపులు తెరవాలి. వాసన లేకపోతే గ్యాస్ పిడి తిరిగి ఉందో లేదో చూడాలి. పొద్దున ఊడ్చేవాళ్ళ చీపురు తగిలి కూడా అది పక్కకి తిరుగుతుంది. తర్వాత జాలీ. బట్టల్లోంచి రాలే నూగు దాంట్లో చేరుతుంది. ఆ తర్వాత పైకి పోయే గొట్టం. ఇవన్నీ అయ్యాకే లోపలి సామాన్ల జోలికి వెళ్ళాలి.

"ముందుగాల గాలి సూడు బిడ్డా. మంటను తర్వాత అడుగుదాం" అనేవాడు. గాలి సరిగ్గా లాగుతోందో లేదో చూడటానికి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టిష్యూ కాగితం ఉండేది. జాలీ దగ్గర పెడితే అది గబుక్కున అతుక్కోవాలి. వేలాడిందా, గొట్టం ఎక్కడో పూడుకుపోయినట్టు.

ఆయనకి చదువు రాదు. ప్రతి డ్రయర్ పక్కనా సుద్దముక్కతో గీతలు గీసుకునేవాడు. అడ్డగీత గీస్తే జాలీ కడిగినట్టు, సున్నా చుడితే గొట్టం శుభ్రం చేసినట్టు. మరలు విప్పితే పచ్చడి సీసా మూతలో వరసగా పెట్టుకునేవాడు, మొదట విప్పింది ఎడమ పక్కన. ఆ మూత ఎవరైనా కదిపితే మాత్రం కోపం వచ్చేది. ఆయనకి కోపం రావడం నేను చూసిన సందర్భం అదొక్కటే.

మధ్యాహ్నం అన్నం ముందు ఇంటికి ఫోను చేసేవాడు. స్పీకర్లో పెట్టి, ఫోనుని టిఫిన్ డబ్బాకి ఆనించి తినేవాడు. అవతల పిన్ని కూడా అప్పుడే కంచం ముందు కూర్చునేది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. "ఏం కూర?" "పప్పు." "నీకు?" "గదే." అంతే. ఆ తర్వాత ఇటు ఆయన తినే చప్పుడు, అటు గాజుల చప్పుడు. తినడం అయ్యాక "ఇగ పెట్టనా?" అని ఆయన అడిగేవాడు. ఇన్నేళ్ళలో వాళ్ళు కలిసి తిన్న భోజనాలు ఎక్కువ శాతం అలాగే జరిగి ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం రాయాలి. ఇది రాయడానికే కూర్చున్నాను.

మూడేళ్ళ కిందట ఆగస్టు. గాలిలో నీళ్ళు పిండొచ్చు, అంత ఉక్క. మా సూపర్‌వైజర్ కొత్త హోటల్ పని ఒప్పుకున్నాడు. ఉన్న బట్టలకి తోడు ఇంకో అంత వచ్చి పడుతున్నాయి. ఆ వారంలోనే నాలుగు, ఐదు నంబర్ల డ్రయర్లు వేడెక్కడం మానేశాయి. బాబాయి వాసన చూశాడు, పిడి చూశాడు, జాలీ చూశాడు. టిష్యూ కాగితం పెట్టాడు. అది గాలికి అతుక్కోకుండా వేలాడింది.

ఆ డ్రయర్ల లోపల ఒక చిన్న రేకు ఉంటుంది. ఫ్యాను గాలి గట్టిగా లాగితేనే ఆ రేకు లోపలికి వాలి స్విచ్చు నొక్కుతుంది, అప్పుడే మంట వెలుగుతుంది. గాలి చాలకపోతే రేకు కదలదు, మంట రాదు. రాకూడదని పెట్టిందే అది.

"రేకు మంచిగనే ఉన్నది సార్," బాబాయి హిందీలో సూపర్‌వైజర్‌కి చెప్పాడు. "పైన గొట్టం నిండిపోయింది. ఒక్క రోజు రెండు మిషన్లూ ఆపితే పైకప్పు ఎక్కి తీసేస్తా."

"ఒక్క రోజా? బయట చూశావా ఎన్ని ట్రాలీలున్నాయో? రేకుతో పనిలేకుండా ఆ స్విచ్‌కి వైరు కలిపెయ్. వేడి వస్తుందిగా."

"వస్తది. కానీ నేను కలపను."

"కలపవా?"

"కలపను సార్. ఇంకో పని ఏదైనా చెప్పండి, చేస్తా."

గొంతు పెంచలేదు. తల మాత్రం వంచుకునే అన్నాడు. షెడ్డులో అందరం చేతులు ఆపి వింటున్నాం. సూపర్‌వైజర్ ముఖం ఎర్రబడింది. మర్నాటి నుంచి బాబాయిని ఇస్త్రీ విభాగంలో వేశాడు. మోకాలు వంగని మనిషి రోజంతా ఆవిరి ప్రెస్సు ముందు నిలబడ్డాడు. డ్రయర్లు చూడటానికి బయటి నుంచి ఒకతన్ని పిలిపించారు. అతను అరగంటలో వైరు కలిపి వెళ్ళిపోయాడు. నాలుగూ ఐదూ వేడెక్కాయి. సూపర్‌వైజర్ చప్పట్లు కొట్టి యల్లా, యల్లా, కానివ్వండి అన్నాడు.

ఆ మధ్యాహ్నం బాబాయి ఇంటికి ఫోను చేయలేదు. డబ్బా తెరవలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"మీరు కలిపేస్తే పోయేదిగా బాబాయ్. ఈ వయసులో ఆ ప్రెస్సు దగ్గర నిలబడగలరా?"

తెరవని డబ్బాని పక్కకి జరిపాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఇక్కడ చేరకముందు ఆయన వేరే లాండ్రీలో పని చేశాడట. అక్కడా ఇలాగే తొందర. అక్కడా వైరు కలపమన్నారు.

"కలిపిన బిడ్డా. వారం దినాలు మంచిగ నడిచింది. ఎనిమిదో నాడు గొట్టంల నూగు అంటుకున్నది. నా రూంల ఉండేటోడు, మా మండలపోడే, తలుపు తీసి బట్టలు గుంజబోయిండు. రెండు చేతులు మోచేతుల దాక కాలినయి." తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఆనికి వైరు సంగతి ఎర్కనే. నన్ను ఒక్క మాట అనలే. అంటె జర అల్కగ ఉంటుండె."

ఆ తర్వాత లేచి వెళ్తూ అన్నాడు, "నాలుగు, ఐదు కాడ నిలవడకు. నిలవడవలసి వస్తె పైలం. దుప్పట్ల అంచులు సూస్తుండు. అంచు ఎర్రబడితె నన్ను అడగకు, ఎవల్నీ అడగకు. వాల్వు కట్టెయ్."

నాలుగు రోజులు ఏమీ కాలేదు. ఐదో రోజు నేను నాలుగో నంబరులోంచి తీసిన దుప్పటి అంచు తేనె రంగులో ఉంది. ఇస్త్రీ మరకలా కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన రొట్టె వాసన. ఇంకో దుప్పటి తీశాను. అదీ అంతే. డ్రయర్ వెనక పక్క రేకు మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాను. అంత దూరానికే సెగ కొడుతోంది.

నాకు భయమేసింది. మంటకి కాదు, సూపర్‌వైజర్‌కి. ఇంకా కొత్త వీసా. పోతే ఏం చేయాలో తెలియదు. చుట్టూ చూశాను. బాబాయి షెడ్డు ఆ చివర ఆవిరిలో ఉన్నాడు. పిలిస్తే వినపడదు. ఎవర్నీ అడగకు అన్న మాట గుర్తొచ్చింది. వెళ్ళి నాలుగు, ఐదు రెండింటి వాల్వులూ కట్టేశాను. డ్రమ్ములు మాత్రం తిరగనిచ్చాను, లోపలి వేడి బయటికి పోతుందని.

పది నిమిషాల్లో సూపర్‌వైజర్ వచ్చాడు. ట్రాలీలో తడి బట్టలు చూసి కేకలు మొదలుపెట్టాడు. "ఎవరు ఆపారు? గ్యాస్ ఎవరు కట్టారు?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నిజం చెప్తున్నాను, ఆ ఒక్క క్షణం నేను ఆగాను. ఆ ఆగిన క్షణంలోనే బాబాయి కుంటుకుంటూ అక్కడికొచ్చాడు.

"నేనే కట్టిన సార్" అన్నాడు.

"నీకేం పని ఇక్కడ? నీది ఇస్త్రీ కదా?"

"వాసన వచ్చింది. కట్టిన."

నేను "కాదు" అనబోయాను. ఆయన నా వైపు ఒక్క చూపు చూశాడు. పచ్చడి సీసా మూత కదిపినప్పుడు చూసే చూపు. నేను ఆగిపోయాను.

ఆ గొడవకి యజమాని కూడా వచ్చాడు. ఎప్పుడో గానీ షెడ్డులోకి రాని బహ్రెయినీ పెద్దాయన. డ్రయర్ వెనక పెట్టె విప్పమన్నాడు. బాబాయే విప్పాడు. గొట్టం మొదట్లో నూగు దట్టంగా, పాత పరుపులో దూదిలా కూరి ఉంది. మంటకి దగ్గరున్న పక్కంతా ముదురు గోధుమ రంగుకి తిరిగింది. యజమాని ఒక ముద్ద తీసి వేళ్ళతో నలిపాడు. అది పొడిపొడిగా రాలింది. ఆయన సూపర్‌వైజర్‌తో అరబ్బీలో రెండు మాటలన్నాడు, చివర్న ఖలాస్ అన్నాడు. వైరు తీసేశారు. మర్నాడు తెల్లవారగానే, ఎండ ముదరకముందు, బాబాయి ఆ మోకాలితోనే పైకప్పు ఎక్కాడు. కింద నేను సంచులు అందుకున్నాను. తొమ్మిది సంచుల నూగు వచ్చింది. ఆయన దిగాక ముఖం, కనుబొమ్మలు అన్నీ బూడిద రంగులో ఉన్నాయి. నవ్వితే పళ్ళొక్కటే తెల్లగా కనిపించాయి.

డ్రయర్లు మళ్ళీ ఆయన చేతికి వచ్చాయి. కానీ అనుమతి లేకుండా పని ఆపినందుకు ఒక హెచ్చరిక కాగితం కూడా వచ్చింది. అది ఇంగ్లీషులో ఉంది. నేను ఇంటర్ దాకా చదివాను కాబట్టి చదివి చెప్పమని నాకే ఇచ్చాడు. నేను చేయని పని గురించి రాసి ఉంటే చదవడం తేలిక. అది నేను చేసిన పని, ఆయన పేరు మీద. చదవలేక ఏడ్చాను.

"రేపు వెళ్ళి నేనే కట్టానని చెప్తాను బాబాయ్."

"చెప్పి? నీ కాయితం నీకు, నా కాయితం నాకు రెండు వస్తయి. కొత్త వీసా నీది. నేను ఎట్లయిన ఇంటికి పోయేటోన్నే." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "కట్టమన్నది నేనే గద. గందుకే నేను కట్టినట్టే."

తర్వాతి వేసవి రాకముందే ఆయన వీసా గడువు అయిపోయింది. మళ్ళీ పొడిగించలేదు. వయసు అన్నారు, మోకాలు అన్నారు, ఫైల్లో కాగితం ఉందన్నారు. ఆయన ఎవర్నీ బతిమాలలేదు. వెళ్ళే ముందు వారం రోజులు నన్ను ఆరు డ్రయర్ల దగ్గరా కూర్చోబెట్టి పెట్టెలు విప్పించాడు. మరలు వరసగా పెట్టించాడు. చివరి రోజు యజమాని దగ్గరికి తీసుకెళ్ళి, "ఈ అమ్మికి వస్తది" అన్నాడు. యజమాని నన్ను కింది నుంచి పైకి చూసి, ఆడమనిషా అన్నట్టు "ఔరత్?" అన్నాడు. "మడత పెట్టేటోళ్ళకే మిషన్ సంగతి ఎర్కుంటది అర్బాబ్" అన్నాడు బాబాయి హిందీలో. అలా నేను మడతల బల్ల నుంచి డ్రయర్ల దగ్గరికి మారాను. చెయ్యి ఖాళీ ఉన్నప్పుడు ఇప్పటికీ మడతలు పెడుతూనే ఉంటాను. ఇక్కడ ఎవరూ ఒక్క పని చేయరు.

ఇంటికి వెళ్ళాక కూడా ఆయన నన్ను వదల్లేదు, నేనూ ఆయన్ని వదల్లేదు. డ్రయర్ మొరాయించి, నాకు అంతుపట్టకపోతే ఫోను చేసేదాన్ని. ఆయన ముందు నన్నే అడిగేవాడు. గాలి చూసినవా? చిట చిట అన్నదా? బుస్సుమన్నదా? సగం సార్లు ఆయన అడిగేలోపే నాకే జవాబు దొరికేది. "మరి నాకెందుకు జేసినవ్?" అనేవాడు. ఆ గొంతులో సంతోషం తెలిసేది.

ఆఖరిసారి చేసింది ఆయన పోవడానికి తొమ్మిది రోజుల ముందు. రెండో నంబరు డ్రయర్. నిప్పురవ్వ వస్తోంది, మంట వెలుగుతోంది, నాలుగు క్షణాల్లో ఆరిపోతోంది. గాలి బాగుంది, గ్యాస్ బాగుంది. రెండు గంటలు పోరాడి విసిగిపోయాను. ఒళ్ళంతా చెమట. ఫోను చేసి, ఎలా ఉన్నారని కూడా అడగలేదు. నేరుగా డ్రయర్ గోల చెప్పాను.

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. సిగ్నల్ లేదేమో అనుకున్నాను.

"ఫోను దాని దగ్గర పెట్టు బిడ్డా" అన్నాడు.

పెట్టాను. చిట చిట, బుస్సు, మళ్ళీ నిశ్శబ్దం. రెండుసార్లు వినిపించాను.

"మంట పక్కన సన్న కడ్డీ ఉంటది. మంట ఉన్నదా లేదా అని సూసేది గదే. దానికి మసి పట్టింది. మంట కండ్ల ముందలున్నా దానికి కనవడుతలేదు." మాట మాటకీ ఆగుతున్నాడు. "సన్న గరుకు కాయితంతోని తుడువు. మెల్లగ. ఇరగ్గొట్టకు."

"గొంతేంటి అలా ఉంది బాబాయ్? జలుబా?"

"ఆఁ, జర జలుబు. పని సూస్కో పో."

తుడిచాను. మంట నిలిచింది. అయ్యిందని వాయిస్ మెసేజీ పెట్టాను. జవాబు రాలేదు. పనిలో పడి నేను మళ్ళీ అడగలేదు.

పన్నెండు రోజుల కర్మ అయ్యాక పిన్నితో మాట్లాడాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. నా ఆఖరి ఫోను వచ్చినప్పుడు ఆయన కరీంనగర్‌లో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడట, ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని.

"నేను ఎత్తద్దన్న బిడ్డా. ఇనలే. అది తీసి పక్కన పెట్టి నీతోని మాట్లాడిండు. నర్సు వచ్చి లొల్లి జేసింది. ఫోను పెట్టినంక మళ్ళ అది పెట్టుకుని, నా దిక్కు సూసి ఇట్ల బొటనవేలు సూపిచ్చిండు, అయిపాయె అన్నట్టు."

ఎలా ఉన్నారని ఒక్క మాట అడగని మనిషిని. వాల్వు నేనే కట్టానని ఆ రోజు నోరు విప్పి చెప్పలేని మనిషిని. ఆ మాటే పిన్నికి చెప్పాను, ఆ కాగితం నా మీద రావాల్సిందని, ఆయన ఇంకో రెండేళ్ళు ఇక్కడ ఉండేవాడని. పిన్ని వింది. ఆమెకి అంతా ముందే తెలుసు.

"చెప్పిండు నాకు. ఆ పొద్దే చెప్పిండు, అన్నం తినుకుంట. నువ్వేం పరేశాన్ గాకు. ఆ కాయితం రాకపోతె ఆయన అక్కన్నే ఉంటుండె. ఈ రెండేండ్లు నా కాడ ఉన్నడు గద. నా ఎదురుంగ కూసుని తిన్నడు." మళ్ళీ తనే, "నేనైతె ఆ కాయితానికి దండం పెడత" అంది.

ఆ మాటతో నా తప్పు పోయిందని నేను అనుకోవడం లేదు. కానీ అది విన్నాక కొంచెం కూర్చోగలిగాను. అందుకే ఇది రాయగలుగుతున్నాను. ఆ రోజు నాలుగు, ఐదు నంబర్ల గ్యాస్ కట్టింది నేను. ఆయన కాదు. కట్టాలని నేర్పింది మాత్రం ఆయనే.

ఈ శుక్రవారం సెలవు. పిన్ని వీడియో కాల్ చేసింది. ఆయన బట్టలు మర్నాడు లేనివాళ్ళకి ఇచ్చేస్తారట, ఉతికి ఇద్దామని అన్నీ తనే ఉతికిందట. ఫోను తిప్పి చూపించింది. ఇంటి వెనక రెండు స్తంభాల మధ్య తీగ, దాని మీద వరసగా ఏడెనిమిది చొక్కాలు. గాలి గట్టిగా వీస్తోంది. చేతులన్నీ ఒకేసారి పైకి లేస్తున్నాయి, మళ్ళీ కిందికి వాలుతున్నాయి. "పొద్దున ఏసిన. గంట కాలే, ఆరినయి సూడు" అంది. ఒక చొక్కా దగ్గరికి వెళ్ళి కాలరు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. జేబు కుట్టు దగ్గర నొక్కి చూసింది. పొడిగా ఉంది. అయినా తీగ మీంచి తీయలేదు.